కట్టించినవాఁడు, కట్టినవారు: మెదకు పోస్నెట్ చరిత్రరచనా విమర్శము

నల్లగొండ, మహబూబునగరము జిల్లాలయందలి ప్రాచీనశాసనములను బరిశీలించువారికి రెండు పుణ్యకార్యములు మాటిమాటికిఁ గానవచ్చును. ఒకటి గుడి కట్టించుట. రెండవది చెఱువు త్రవ్వించుట. పానుగల్లునందలి ఉదయసముద్రము కందూరు చోళుల పేరు నిలిపినది. పిల్లలమఱ్ఱియందలి శివాలయములు రేచర్ల రెడ్ల కీర్తిని నిలిపినవి. వానిలో ఎఱకేశ్వరాలయము 1208వ సంవత్సరమున బేతిరెడ్డి భార్యయైన ఎఱకసాని తన పేరఁ బ్రతిష్ఠించినది. కట్టించిన యా దొరసాని పేరు ఎనిమిది వందల యేండ్లు గడచినను నేఁటికిని జదువఁబడుచున్నది. ఆ నల్లశిలలను గొండనుండి దింపినవారెవరు, వానిని అద్దమువలె నునుపు చేసిన చేతులెవరివి యని యడిగినచోఁ బ్రత్యుత్తరము దొరకుట యరుదు.

ఈ విషయమునఁ దెలుఁగు వ్యాకరణము శాసనముకంటె న్యాయమైనది. "కట్టెను" అను క్రియకు ఒక్క కర్త చాలును. "కట్టించెను" అనఁగానే కర్త లిద్దఱగుదురు. ప్రేరేపించినవాఁడొకఁడు, ప్రేరేపింపఁబడి చేసినవాఁడు వేఱొకఁడు. మొదటివాఁడు ప్రయోజకకర్త యనియు, రెండవవాఁడు ప్రయోజ్యకర్త యనియు విద్యార్థులకు బడిలోనే చెప్పుదురు. రెండవవానికిఁ దృతీయావిభక్తి వచ్చును: కాసెవానిచేత గుడి కట్టించెను, ఉప్పరివానిచేతఁ జెఱువు త్రవ్వించెను. వాక్యమున నీ "చేత" యను స్థానము రిక్తముగా నున్నను అది లేనిది కాదు. చదువరి యధ్యాహారము చేసికొనవలసినది. లోకోపకారులైనవారి జీవితచరిత్రలను బరీక్షించుట కీ చిన్న సూత్రము మంచి యొరగల్లు. సేవకుని చరిత్రలో సేవ యెవరికిఁ జేయఁబడెనో వ్రాయుట సులభము. ఎవరిచేతఁ జేయఁబడెనో వ్రాయుటయే చరిత్రకారుని పని.

ఈ యొరగల్లుపై గీచి చూడఁదగిన చరిత్ర యొకటి పై రెండు జిల్లాల కుత్తరమున నున్న మెదకులోఁ గలదు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అను వెస్లీయను మెథడిస్టు బోధకుని జీవితమే యది. ఆ చరిత్రతో నల్లగొండ, పాలమూరు పాఠకులకు రెండు విధముల సంబంధము కలదు. మొదటిది భూగోళసంబంధము. నిజాము రాజ్యమునఁ గ్రైస్తవ మిషనులు పని ప్రదేశములను దమలోఁ దాము పంచుకొనెను. నల్లగొండలో 1890 ప్రాంతమున రష్యాదేశమునుండి వచ్చిన మెన్నొనైటు బ్రదరను అబ్రహాము ఫ్రీసెన్ అమెరికను బాప్టిస్టుల పక్షమునఁ బని ప్రారంభించెను. నాగరుకర్నూలు, వనపర్తి, దేవరకొండలలో అమెరికానుండి వచ్చిన మెన్నొనైటు బ్రదరనులు కుదురుకొనిరి. వికారాబాదు వైపున అమెరికను మెథడిస్టు లుండిరి. మెదకు మొదలు ఉత్తర తెలంగాణము వెస్లీయనుల పాలాయెను. ఆ సీమ కంచు నల్లగొండ జిల్లా యుత్తరభాగమునఁ గల ఆలేరు. 2016లో జిల్లాలు పునర్విభజింపఁబడిన పిమ్మట ఆలేరు యాదాద్రి భువనగిరి జిల్లాలోఁ జేరినది. రెండవది యింకను లోతైనది. పాలమూరు కూలీలు దేశమునఁ బెక్కు చోట్ల ఆనకట్టలకు రాళ్లు మోసిరి, కాలువలకు మట్టి త్రవ్విరి. ఆ కట్టడములపైఁ జెక్కిన ఫలకములలో వారి పేరులు లేవు. "కట్టించెను" అను క్రియలో దాఁగినవా రెవరో పాలమూరివారికి వేఱుగఁ జెప్పఁబనిలేదు.

ముందుగాఁ జరిత్రాంశములు. హైదరాబాదు రాజ్యమున వెస్లీయనుల పని 1879లో మొదలయ్యెను. పోస్నెట్ 1870లో ఇంగ్లండున జన్మించెను. 1895లో సికింద్రాబాదునకు వచ్చి, తిరుమలగిరి దండులో ఆంగ్లసైనికులకు బోధకుఁడుగా నుండెను. ఆ పని యతనికిఁ దృప్తి నీయలేదు. కొలఁదికాలములోనే దండు విడిచి, గుఱ్ఱమెక్కి రెండు దినములు ప్రయాణము చేసి మెదకు చేరెను. సహోదరి యెమిలీ పోస్నెట్టును, సారా హారిస్ అను మఱియొక పరిచారికయు అతనితోఁ బాటు మెదకునఁ బనిచేసిరి. రోగుల సేవ, స్త్రీల సేవ ప్రధానముగా వారి చేతిమీఁదనే నడచెను. పోస్నెట్ నాలుగు దశాబ్దములకుఁ బైగా ఈ దేశమున నుండి, వార్ధకమున స్వదేశమునకుఁ బోయి, 1950లోఁ గాలధర్మము నొందెను.

అతని పేరు లోకమునకుఁ దెలిపినది మెదకు దేవాలయము. దాని నిర్మాణము 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరగెను. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగులు. అయిదువేలమంది యొక్కసారి కూర్చుండి యారాధింపఁగలరు. నమూనా గీచినది ఇంగ్లండునందలి శిల్పులు. నేలపైఁ బఱచిన రంగుపలకలు బ్రిటనునుండి వచ్చినవి. మూఁడు వైపులఁ గల వర్ణగవాక్షములు ఫ్రాంకు సాలిస్‌బరీ యను చిత్రకారుఁడు కూర్చినవి. ఆరోహణదృశ్యము 1927లోను, జననదృశ్యము 1947లోను, సిలువదృశ్యము 1958లోను అమర్పఁబడెను. అనఁగా దేవాలయము ప్రతిష్ఠ జరగిన పిమ్మట ముప్పది నాలుగేండ్లకుఁ గాని పరిపూర్ణము కాలేదు. కట్టడము సాగిన కాలమున మొదటి ప్రపంచయుద్ధము, దానితోఁ బాటు కఱవు వచ్చెను. ఆఁకటితోఁ జుట్టుప్రక్కల గ్రామములనుండి వచ్చిన ప్రజలను బోస్నెట్ ఆ పనిలోఁ బెట్టెను; పనిచేసినవారికి బత్తెము దొరకెను.

ఈ తుది వాక్యమునందే విమర్శకునికిఁ బని కలదు. ఈ కథ తెలుఁగునఁ జెప్పఁబడునప్పు డెల్ల దాదాపొకే వాక్యముగఁ జెప్పఁబడుచున్నది: కఱవులో జనులకు అన్నము పెట్టుటకై పోస్నెట్ దొర గుడి కట్టించెను. ప్రతి సంవత్సరము క్రిస్మసు దినములలోఁ బత్రికలయందును, యాత్రికులకు వ్రాసిన చిన్న పుస్తకములయందును ఈ వాక్యమే మాఱుమాఱుగఁ గానవచ్చును. వాక్యము అసత్యము కాదు. అయినను అందు "జనులకు" అను షష్ఠి కలదు, "జనులచేత" అను తృతీయ లేదు. వేలమంది చేతులు పదేండ్లు పనిచేసిన కట్టడమున ఆ చేతులకు మిగిలినది అన్నము పుచ్చుకొనుట మాత్రమే. పని చేసినవారు దానము పట్టినవారైరి, కూలి భిక్షయైనది.

ఈ విభక్తిమార్పు సామాన్యమైన దోషము కాదు. నాఁటి తెలంగాణమున నది యేమి దాఁచుచున్నదో తెలిసికొనుటకు వెట్టిని స్మరింపవలెను. మాల మాదిగ కుటుంబములు దొరలకును, జాగీరుదారులకును, సర్కారు నౌకరులకును కూలి లేక పనిచేయుట ఆ దేశమున ఆచారముగా నుండెను. బరువులు మోయుట, కబురు చేరవేయుట, పొలమున మొదటిపని దొరదే చేయుట, అన్నియు వెట్టియే. ఆంధ్రమహాసభ మొదటి సమావేశము 1930లో ఈ మెదకు జిల్లాయందలి జోగిపేటలోనే సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరగెను. రెండవది 1931లో నల్లగొండ జిల్లాయందలి దేవరకొండలో బూర్గుల రామకృష్ణరావుగారి యధ్యక్షతను జరగెను. వెట్టి నిర్మూలనము ఆ మహాసభ ప్రధానవిషయములలో నొకటి. వెట్టిచాకిరి మీఁది కసియే 1946 మొదలు నల్లగొండ పల్లెలలోఁ జెలరేఁగిన సాయుధపోరాటమునకు మూలకారణములలో నొకటి. అట్టి దేశమున 1914 నుండి 1924 వఱకు ఒక పెద్ద కట్టడముకడ వెట్టివానికి, దినము ముగియఁగానే బత్తెము కొలిచి యిచ్చి రనుట దానకథ కాదు. అది పనికిఁ బ్రతిఫలము గలదను పాఠము. అన్నదానమునకుఁ గృతజ్ఞత చాలును. కూలి పుచ్చుకొన్నవానికి మఱునాఁడు దొర గడీముందు నిలువఁబడినప్పుడు ఒక ప్రశ్న మిగులును. పోస్నెట్ సేవలో గొప్పదనము ఈ ప్రశ్నను బుట్టించుటలోఁ గలదు. దానిని దానముగ వర్ణించిన స్తుతిపాఠకుఁడు పోస్నెట్టును సైతము తగ్గించినవాఁడగుచున్నాఁడు.

ఇఁక గ్రంథములను విచారింతము. హైదరాబాదు వెస్లీయను మిషను చరిత్రను వ్రాసినవారిలో ఇరువురు ముఖ్యులు. ఇరువురును ఆ మిషనులోఁ బనిచేసినవారే. ఫ్రెడరికు ల్యాంబు 1913లో మైసూరునఁ బ్రకటించిన గ్రంథమునకు "సువార్తయు మాలయు" అను నర్థము గల పేరు పెట్టెను. కాలియరు శాకెట్ 1879 మొదలు 1929 వఱకు నడచిన యేబదియేండ్ల చరిత్రను "దర్శనము, సాహసము" అను నర్థము గల పేరుతో వ్రాసెను. ఆతఁడే పోస్నెట్ మరణానంతరము, 1951లో, "మెదకు పోస్నెట్" అను జీవితచరిత్రను వెలువరించెను. మూఁడు పేరులను వరుసగాఁ జదివినచో ఒక విచిత్రము తోఁచును. మొదటి పేరులో మాలవాఁ డున్నాఁడు. ఏకవచనములో నైనను, జాతివాచకముగా నైనను, సువార్తతో సమానముగ "యు"కారముతో ముడివడి యున్నాఁడు. రెండవ పేరులో మిషను సాహసమే మిగిలినది. మూఁడవ పేరులో ఒక్క వ్యక్తి, ఒక్క యూరు మిగిలిరి. ముప్పది యెనిమిదేండ్లలో గ్రంథనామమునుండి ప్రజ తొలఁగి, ప్రభువు నిలిచినాఁడు. ఇది గ్రంథకర్తల దురుద్దేశము కాదు. చందాలిచ్చి మిషనును బోషించు ఇంగ్లండు పాఠకునికిఁ దన దేశపు వీరుని కథ కావలెను. ఆ పాఠకుని కొఱకే యవి వ్రాయఁబడెను. జీవితచరిత్రయను ప్రక్రియయే యొక నాయకుని గోరును. పిలుపు, ప్రయాణము, కష్టము, ఫలము అను నాలుగు మెట్లపై నాయకుఁ డెక్కిపోవుచుండఁగా, మెట్లుగా నమరినవారి పేరులు పాఠకునికి మిగులవు.

ఇట్లు కాక వ్రాయుట సాధ్యమా యని శంకింపవచ్చును. సాధ్యమే యని చెప్పుటకుఁ దెలుఁగుదేశముననే నిదర్శనము కలదు. ఒంగోలునందలి అమెరికను బాప్టిస్టు బోధకుఁడు జాను క్లౌ కథ పోస్నెట్ కథకుఁ జాల దగ్గఱది. 1876–78 సంవత్సరముల మహాక్షామమున క్లౌ బకింగుహాము కాలువలో సుమారు మూఁడు మైళ్ల పనిని గుత్తకుఁ దీసికొని, ఆఁకటివాత నున్న మాదిగల కందుఁ బని కల్పించెను. కూలి కొఱకు మతము పుచ్చుకొన్నా రను నపవాదము రాకుండుటకై కఱవుపని సాగినన్నాళ్లు బాప్తిస్మ మిచ్చుట మానివేసెను. పిమ్మట 1878 జులై 3న ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మము జరగెను. ఇచటను ఒక నాయకుఁడు, ఒక కఱవు, ఒక కట్టడము కలవు. కాని క్లౌ భార్యయైన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లోఁ బ్రకటించిన గ్రంథమునకు "చెప్పులు కుట్టుచు" అను నర్థము గల పేరు పెట్టెను. చెప్పులు కుట్టువాఁడే యా వాక్యమునకుఁ గర్త. మాదిగల గురుపరంపర, వారి కథలు, వారి యోగసంప్రదాయము అందుఁ జెప్పఁబడినవి. యెఱ్ఱగుంట్ల పేరయ్య క్రైస్తవుఁడగుటకు ముందే జ్ఞానము వెదకుచుండెననియు, బండికట్ల వీరమ్మ యను గురువు నొద్ద నుపదేశము పొందెననియు ఒంగోలు గ్రంథములవలననే తెలియుచున్నది. పేరయ్య తెలిసికొన వచ్చినవాఁడు. ఊరక పట్టుకొనిరాఁబడినవాఁడు కాఁడు. గ్రంథకర్త్రి పరదేశీయురాలే, మిషనరీయే. అయినను ఆమె "చేత" యను స్థానమును బూరించినది. కాఁబట్టి మెదకు చరిత్రకారులకు ఆధారములు దొరకలే దనుటకంటె ప్రశ్న తోఁపలే దనుట యొప్పును.

స్తుతిపాఠకులకుఁ బ్రతిపక్షముగా దూషకు లొకరు కలరు. కఱవులో గింజలు చూపి జనులను మతములోఁ గలుపుకొని రనుట వారి వాదము. ఇది స్తుతికి విరుద్ధమువలెఁ గన్పట్టును గాని, రెండును ఒకే వ్యాకరణమును బాటించుచున్నవి. స్తుతిపాఠకుఁడు "పోస్నెట్ వారిని రక్షించెను" అనును. దూషకుఁడు "పోస్నెట్ వారిని మార్చెను" అనును. ఇరువురి వాక్యములందును మాలమాదిగలు ద్వితీయావిభక్తిలోనే యున్నారు. ఒకరికి వారు ఉద్ధరింపఁబడిన వస్తువులు, వేఱొకరికి మోసగింపఁబడిన వస్తువులు. వారు విచారించిరి, ఎన్నుకొనిరి, కొంత గ్రహించిరి, కొంత త్రోసివేసిరి అను సంగతి ఇరువురికిని నచ్చదు. ఆ కాలముననే హైదరాబాదు నగరమున మాదరి భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథల మూలమునఁ దమవారిలోఁ బ్రబోధము చేయుచుండెను. ఆయన క్రైస్తవమార్గమున నడువలేదు. మఱియొక మార్గ మెంచుకొనెను. ఒకే జనమునుండి కొందఱు మెదకు గుడివైపు నడచిరి, కొందఱు నగరమందలి మండలివైపు నడచిరి, పెక్కుమంది పోచమ్మగుడి విడువలేదు. ఎన్నుకొనుట తెలిసిన జనమని చెప్పుటకు వేఱు సాక్ష్యమేల?

ఇచట నొక పూర్వపక్షము రాఁగలదు: కీర్తిని వేలమందికిఁ బంచినచో పోస్నెట్ పాలు సన్నగిల్లదా? అతఁడు ఇల్లు విడిచి వచ్చినది, గుఱ్ఱముపై నూరూరు తిరిగినది, చందాలు కూర్చినది సత్యము కాదా? సత్యమే. ప్రయోజకకర్తను వాక్యమునుండి తీసివేయు మని యెవరును గోరుట లేదు. కాని సేవకుని విషయమున ఒక ధర్మము గలదు. రాజు గుడి కట్టించి పేరు నిలుపుకొనును. అతని పని యచటితో ముగియును. సేవకుఁడు చేయించుచుఁ జేయించుచు, తుదకుఁ జేయించు నవసరము లేకుండునట్లు చేయవలెను. "చదివించెను" అను ప్రేరణార్థకము ఒక తరమునకు "చదివిరి" అను శుద్ధక్రియగా మాఱినప్పుడే బడి సఫలము. కాఁబట్టి సేవకుని గొప్పతనము ప్రయోజ్యకర్తల సంఖ్యతోఁ బెరుగునే కాని తఱుగదు.

ఈ దృష్టితోఁ జూచినచో పోస్నెట్ జీవితమునఁ బ్రధానవిషయము దేవాలయము కాక గ్రామోపదేశులగుదురు. ఒక దొర యెన్ని పల్లెలు తిరుగఁగలఁడు? మెదకు చుట్టుపట్ల నూరూర వాడలో నివసించి, పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించి, రాత్రి పెద్దలకుఁ గీర్తనలు నేర్పి, ఆదివారమునఁ బ్రార్థన జరపి, చావుకుఁ బెండ్లికిఁ దోడునిలిచినవాఁడు ఉపదేశి. అతని భార్య స్త్రీలకు చదువు చెప్పెను. బైబిలు స్త్రీలు ఇంటింటికిఁ బోయిరి. అక్షరము రాని సభకు పురుషోత్తమ చౌదరి మొదలగువారి కీర్తనలే గ్రంథమైనవి. వాడ కవతల మంచినీటి బావి మెట్టు దిగనీయని కాలమున, ఊరి బడి యరుగుపైఁ గూర్చుండనీయని కాలమున, వాడలోపల ఒక పాక పలకా బలపముతో బడి యయ్యెను. ఆ పలక పట్టించినవాఁడు ఇంగ్లండునుండి వచ్చినవాఁడు కాఁడు. ప్రక్క యూరి వాడలోఁ బుట్టినవాఁడే. ఆయన జీతము తక్కువ. ఊరిపెద్దల యాగ్రహము తఱచు. దొరకు గుఱ్ఱము, సర్కారులో మాట, సముద్రమున కావల నిల్లు కలవు. ఉపదేశి కున్నది ఆ వాడయే. ధైర్యము కొలుచునప్పుడు ఈ భేదమును మఱవరాదు.

మెదకునందే కాదు, వెస్లీయనుల యితరకార్యములలోను ఈ మఱపు కానవచ్చును. నిజామాబాదు ప్రాంతమున డిచ్‌పల్లి కుష్ఠరోగ చికిత్సాలయము 1915లో వెలసెను. దాని చరిత్రలో జార్జి కెర్ అను బోధకుఁడును, ఆయన భార్యయైన వైద్యురాలు ఇసబెల్ కెర్ గారును నాయకులు. ఆ చికిత్సాలయమునకు మొదటి పెద్దవిరాళ మిచ్చినవాఁడు నిజామాబాదువాఁడైన నర్సాగౌడు. ఆయన పేరు మాత్రము చరిత్రలో నిలిచినది, ధన మిచ్చెను గనుక. రోగుల పుండ్లు కడిగినవారి పేరు లంత సులభముగ నిలువవు. ధనము వ్రాతపుస్తకమున నెక్కును, చేతిపని యెక్కదు. చరిత్రకారుఁడు లెక్కపుస్తకమును మాత్రము నమ్మినచో ఈ భేదమే చరిత్రలో స్థిరపడును.

శుద్ధక్రియ యెప్పు డేర్పడెనో తెలుపుటకు రెండు తేదులు చాలును. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణహిందూదేశసంఘ మేర్పడఁగా, హైదరాబాదు వెస్లీయను సంఘము అందుఁ జేరి మెదకు అధ్యక్షమండల మయ్యెను. మిషను గుడి ఈ దేశపు సంఘము గుడియైనది. అమెరికను మెథడిస్టు లందుఁ జేరక, 1981లో వేఱుగ స్వతంత్రసంఘముగ నేర్పడిరి. రెండవ తేది 1968. ఆ సంవత్సరమున "గ్రామక్రైస్తవులును హిందూసంస్కృతియు" అను నర్థము గల గ్రంథము వెలువడెను. దానిని వ్రాసినవారిలో ఒకరు అమెరికా పండితుఁడు జాను కార్మను. మఱియొకరు మెదకు మండలమునకుఁ జెందిన తెలుఁగు గురువు పి. వై. లూకు. మెదకు ప్రాంతపు జంగరాయి పల్లెలలోఁ దిరిగి, గ్రామక్రైస్తవులు పెండ్లి, పురుడు, చావు, పండుగలయందుఁ బాత యాచారములలో వేనిని విడిచిరో, వేనిని నిలుపుకొనిరో, వేనిని మార్చుకొనిరో ఆ గ్రంథము వివరించుచున్నది. మిషను నివేదికలలో విజయముగనో లోపముగనో కన్పట్టిన విషయములు ఇందు జీవితముగాఁ గన్పట్టును. 1913లో గ్రంథనామమున నొక జాతివాచకముగ నున్న జనము, 1951లో గ్రంథనామమునుండి తొలఁగినవారు, 1968లో తమ గురువు కలముతోఁ దమ్ముఁ దాము వ్రాసికొనఁ బూనిరి. వ్రాయఁబడినవారు వ్రాసినవారైరి. పోస్నెట్ సేవకు ఇంతకంటెఁ బెద్ద గోపురము లేదు. శాకెట్ జీవితచరిత్రలో నిది యుండుట కవకాశము లేదు, అది పదునేడేండ్లు ముందే ముగిసినది గనుక.

అయినను ఆ గ్రంథముతో సర్వము సమకూరె ననరాదు. అది ఆంగ్లమున నున్నది. అందు విషయము ఆచారములు, విశ్వాసములు. వ్యక్తుల జీవితములు కావు. ఉపదేశుల చరిత్ర తెలుఁగునఁ గూర్చవలసియున్నది. అది యెట్లు సాధ్యమని శంకించువారికి పాలమూరి బిడ్డయే మార్గము చూపెను. తెలంగాణమునఁ గవులు లే రను మాటకు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదముతోఁ బ్రత్యుత్తర మీయలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను బ్రకటించి, ఊరూరినుండి 354 కవుల పేరులను, పద్యములను ముందు పెట్టెను. పేరులు లెక్కించినపిదప వాదము నిలువలేదు. ఆయనయే 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను వ్రాసి, చరిత్రమనఁగా రాజుల జయాపజయములు కాక జనుల కట్టు, తిండి, ఆట, నమ్మకము అని నిరూపించెను. రాజచరిత్రకు బదులు జనచరిత్రను గోరిన దేశము, మిషను చరిత్రవిషయమునఁ దొరచరిత్రతోఁ దృప్తిపడుట యసంగతము.

సామగ్రి కొఱఁత లేదు. గుళ్లలోని బాప్తిస్మపు పుస్తకములలోఁ బాతపేరు, క్రొత్తపేరు, ఊరు, తండ్రిపేరు వ్రాయుట ఆచారము. సమాధులపైఁ బేరులు గలవు. పల్లెలలో ముదుసలుల నోళ్లలో ఉపదేశుల కథలు, వారు నేర్పిన పాటలు, గుడిపనికిఁ బోయివచ్చిన తాతల ముచ్చటలు ఇంకను నిలిచియుండును. ఆలేరు మొదలు మెదకు దాఁక, నల్లగొండ బాప్టిస్టులలోను, నాగరుకర్నూలు, వనపర్తి మెన్నొనైటులలోను ఇట్టి సామగ్రి యేయూరి కాయూర నుండఁదగినది. తరము గడచినకొలఁది కాగితము చెదకు, జ్ఞాపకము మఱపునకు బోవును. పాఠశాలల పండితులు తమ విద్యార్థులచేత నొక్కొక్క యూరి యుపదేశి వృత్తాంతమును వ్రాయించినచో, కొలఁదికాలములోఁ బేరుల సంచిక సిద్ధమగును. ఆ విద్యార్థులలోఁ జాలమంది ఆ యుపదేశుల మనుమలు, మునిమనుమలే.

ఇట్లు కూర్చిన సంచిక పోస్నెట్ పేరును దేవాలయపు గోడనుండి తుడిచివేయుటకుఁ గాదు. పిల్లలమఱ్ఱి గుడిలో ఎఱకసాని పేరు నుండవలసినదే; మెదకు గుడిలో పోస్నెట్ పేరు నుండవలసినదే. కాని వాక్యము సగము వ్రాసి విడిచిన లేఖకుని దోషము తరువాతివారు దిద్దవలెను. ప్రయోజకకర్త పేరు వ్రాయఁబడినది. ప్రయోజ్యకర్తల పేరులు చేరినపుడు వాక్యము సంపూర్ణమగును. అప్పుడు చదువరి అధ్యాహారము చేసికొనవలసిన పని యుండదు.